రస్టీకి అందని కాగితం

ఆ శనివారం మధ్యాహ్నం షెరీఫ్ వెల్డన్ ప్రూట్ ఇంట్లో ఆరుగురున్నారు. ఓట్లతో గెలిచి, పోలీసులకు పెద్దగా పదకొండేళ్లుగా కౌంటీని కాపాడుతున్న షెరీఫ్. ఆయన భార్య నోరీన్. పోలీసులకు కొత్తగా వచ్చిన కవచాల బండిని దీవించడానికి పిలిచిన పాస్టర్. ఆ దీవెనను ఫొటో తీయడానికి వచ్చిన విలేకరి. శనివారాలు ఆ ఇంట్లో వంటపనికి వచ్చే డార్లా, వంటింట్లో కుడిచేతికి కట్టుతో, ఎడంచేత్తో మొక్కజొన్న రొట్టెలు పెనం మీంచి దించుతోంది. ఆరోవాడు రస్టీ. పొద్దున్నుంచీ పెరట్లో పొగపొయ్యి మీద గొడ్డుమాంసం కాల్చి, బల్ల దగ్గర ముక్కలు కోయడానికి అప్పుడే లోపలికి వచ్చాడు.

రస్టీ డార్లా మొగుడు. పోయిన నెల ఆమె మణికట్టు విరిచినవాడు. అతను ఆమె గడప దగ్గరికి రాకూడదని జడ్జి కాగితం రాసిచ్చి ఇరవై రోజులైంది. ఆ కాగితాన్ని షెరీఫ్ మనుషులు రస్టీ చేతిలో పెట్టాలి. పెట్టేదాకా అది ఉత్త కాగితమే. సోమవారంతో గడువు తీరిపోతుంది. ఆ తర్వాత మళ్లీ కోర్టు, కోళ్ల ఫ్యాక్టరీలో గంటకు పదమూడు డాలర్ల కూలి మళ్లీ ఒకరోజు పోగొట్టుకోవడం, అప్పటిదాకా తలుపుకు కుర్చీ అడ్డం పెట్టుకుని పడుకోవడం.

ఆమె నాలుగుసార్లు ఆఫీసుకు వెళ్లింది. నాలుగుసార్లూ మనిషి దొరకడం లేదన్నారు. ప్రతి శుక్రవారం పెట్రోలు బంకు పక్కన మాంసం అమ్మే మనిషి, షెరీఫ్ మనుషులే వరసలో నిలబడి కొనుక్కునే మనిషి, దొరకడం లేదు.

ఇవాళ అతను వస్తాడని ఆమెకెవరూ చెప్పలేదు.

బల్ల దగ్గర షెరీఫ్ కౌంటీ భద్రత గురించి మాట్లాడుతున్నాడు. బండికి తూటా తగిలినా గీత పడదట. మందుపాతర మీంచి వెళ్లినా లోపలివాళ్ల కాఫీ తొణకదట. ఆ కౌంటీలో మందుపాతర పెట్టినవాడు ఇంతవరకూ పుట్టలేదు. అయినా పాస్టర్ దేవుడికి స్తోత్రం చెప్పాడు.

డార్లా రొట్టెల పళ్లెం బల్ల మీద పెట్టి, అక్కడే నిలబడింది.

"షెరీఫ్ గారూ, మనిషి దొరికాడు కదండీ. ఇదుగో, మీ ఎదురుగానే ఉన్నాడు. ఆ కాగితమేదో ఇచ్చెయ్యండి."

రస్టీ కత్తి ఆపకుండానే నవ్వాడు. "ఏంటే, ఇక్కడ కూడా మొదలెట్టావా?"

షెరీఫ్ తీరిగ్గా మూతి తుడుచుకున్నాడు. "చూడమ్మాయ్, నా ఇంటికొచ్చి నా బల్ల దగ్గర నిలబడ్డ మనిషి చేతిలో కోర్టు కాగితం పెట్టమంటావా? మర్యాదా అది? సోమవారం తర్వాత చూద్దాంలే."

"సోమవారం తర్వాత దాంతో పనుండదండీ."

"నీకెందుకు భయం? అంత బండి తెచ్చింది ఎవరికోసం? మీలాంటి ఆడవాళ్లకోసమేగా."

ఆ మాట ఆయనకే నచ్చింది. దీవెన ఫొటోలో డార్లా తన పక్కన నిలబడితే బాగుంటుందన్నాడు. వెలుతురు కూడా బాగానే ఉందన్నాడు విలేకరి. కట్టు కనబడేలా నిలబడితే మరీ మంచిదన్నాడు పాస్టర్. నోరీన్ అప్పటికే డార్లా నడుముకున్న ఏప్రన్ ముడి విప్పుతోంది.

డార్లా ముడి మీద చెయ్యి అడ్డం పెట్టింది.

"నేను నిలబడనండీ. ఫొటో కావాలంటే, రస్టీకి కాగితం ఇస్తుండగా తీయించుకోండి."

రస్టీ ఖాళీ పళ్లెం తీసుకుని, మిగతా మాంసం తెస్తానంటూ పెరట్లోకి వెళ్లాడు.

నోరీన్ కేకలు వేసే మనిషి కాదు. నాలుగు ముక్కలు ఓ పళ్లెంలో పెట్టి, పైన అల్యూమినియం రేకు చుట్టి డార్లా ఎడంచేతిలో పెట్టింది. వచ్చే వారం నుంచి రానక్కర్లేదంది. ఆమె భుజం మీద చెయ్యివేసి పెరటి గుమ్మం వైపు నడిపించింది.

"ముందు గదిలో వాళ్లు తింటున్నారు కదమ్మా. ఇటు వెళ్లు."

డార్లా మెట్టు మీదికి దిగింది. పెరడంతా పొగ. పొయ్యి దగ్గర రస్టీ తలెత్తి చూశాడు, చేతిలో పళ్లెం కింద పెట్టాడు. ఆమె వెనక్కి తిరిగి "నోరీన్ గారూ" అనేలోపు తలుపు మూసుకుంది. లోపల గడియ కూడా పడింది.