ఆఖరు ముందే చెప్పే వీధి

"డాక్టరేనంటమ్మే చంపింది. భయపడకుండా చూసిరా" అంది కుళ్ళాయమ్మ, మగ్గం మీదనుంచి తల ఎత్తకుండానే.

కొత్తకోడలు హేమావతికి అరికాలి మంట నెత్తికెక్కింది. జడలో కనకాంబరాలు తురుముకుంటున్న చెయ్యి అక్కడే ఆగిపోయింది.

ఆషాఢమని ఆమెను పెనుకొండలో పుట్టింట్లో కూర్చోబెట్టారు. ఆ నెలంతా ఈ సినిమా హిందూపురంలో ఆడింది. పోస్టరు మీద ఎర్రటి అక్షరాలు: 'చివరి సంగతి ఎవరికీ చెప్పకండి.' చూసొచ్చిన స్నేహితురాళ్ళు నోరు తెరిస్తే చాలు, బి.ఏ. చదివిన హేమావతి చెవుల్లో వేళ్ళు పెట్టుకుని పెరట్లోకి పరిగెత్తేది. ధర్మవరానికి వచ్చినప్పుడు ఇద్దరం కలిసే చూద్దామని మొగుడు గంగాధర మాటిచ్చాడు. శ్రావణం వచ్చింది, అత్తగారిల్లు వచ్చింది, సినిమా వచ్చింది. తీరా ఆటకు బయలుదేరుతుంటే, ఇదీ!

"ఎవరు చెప్పినారు మీకు?"

"పక్కింటి నాగరత్నమ్మ. హిందూపురంలో చెల్లెలింటికి పోయి చూసొచ్చె. గడపలోనే ఆఖరు చెప్పిపోయె. కథ నువ్వు చెబుదువులే."

ఆ వీధి పద్ధతే అది. మగ్గాలు ఆపి అందరూ సినిమాకు పోలేరు. ఒకరు చూసొచ్చి, నేస్తున్నవాళ్ళ పక్కన కూర్చుని కథ చెబుతారు. అదీ ఆఖరు ముందు, మొదలు తర్వాత. ఏమవుతుందోనని గుండె దడదడలాడితే చెయ్యి తడబడుతుంది, పట్టుపోగు తెగుతుంది. కుళ్ళాయమ్మ కోడలికి మేలే చేశాననుకుంది.

గంగాధర నవ్వాడు. "పోనీలే, రా."

"నెలంతా చెవులు మూసుకుంటి. మీకు నవ్వొస్తాందా?"

దారి పొడుగునా ఆమె అతనికి రెండడుగులు ముందే నడిచింది. ఇంకో రోజయితే, చీకట్లో అతని భుజం తగులుతూ కూర్చోవడం, కాగితం పొట్లంలో వెచ్చటి వేరుశనక్కాయలు, ఇవే ఆమెకు పండగ. ఇప్పుడు పొట్లం వైపే చూడలేదు.

తెరమీద పెద్దింటి కోడలు విషానికి చచ్చిపోయింది. డాక్టరు సూది తీసినప్పుడల్లా జనం ఊపిరి బిగబట్టారు. హేమావతి ఒక్కతే పళ్ళు నూరింది. "వీడే. తెలిసిపాయె కదా, ఇంకేముండాది చూసేకి?"

పోలీసులు డాక్టరును పట్టుకుపోయారు. వెనక కొందరు లేచి చెప్పులు వెతుక్కుంటున్నారు. అప్పుడు, ఖాళీ ఇంట్లో, మొదటినుంచీ చక్రాల కుర్చీలో కదలకుండా ఉన్న అత్తగారు మెల్లగా లేచి నిలబడింది. నడిచి వెళ్ళి, కోడలి పటానికి వేసిన దండ సరిచేసింది.

హేమావతి కెవ్వుమంది. ఆమె గోళ్ళు గంగాధర చేతిలో దిగాయి. ఆ భయంలోనే చెప్పలేనంత సంతోషం. మరుక్షణం ఆ చెయ్యి విసిరికొట్టింది.

"రైలుకు టైమైందని నాగరత్నమ్మ ముందే లేచొచ్చింటుంది" అన్నాడతను. "నీకు ఆఖరు దక్కె కదా, ఇంకా కోపమేనా?"

"ఆమె తప్పు చెప్పబట్టి దక్కె. సరిగ్గా చెప్పింటే?"

ఇంటికి రాగానే కుళ్ళాయమ్మ పీట చూపించింది. "చెప్పు." నాగరత్నమ్మ కూడా కిటికీలో వాలింది.

"డాక్టరే కదమ్మే?" అంది అక్కడినుంచే.

"కాదు" అంది హేమావతి.

పోగుల మధ్య అటూ ఇటూ పరుగెత్తే నాడె ఆగింది. "మరెవరే?"

"ఆఖర్న చెప్తా."

"ముందు చెప్పే! పోగు తెగుతుంది."

"తెగనీ అత్తా!"

కుళ్ళాయమ్మ కోపంగా మళ్ళీ నేత మొదలుపెట్టింది. హేమావతి కూడా కోపంగానే, ఒక్క ముక్క వదలకుండా, విషం, సూది, పోలీసులు అన్నీ చెప్పింది. ఖాళీ ఇంటి దగ్గర గొంతు తగ్గించింది.

"...కుర్చీలోనుంచి అత్త లేచి నిలబడె."

"అమ్మో!" కుళ్ళాయమ్మ చెయ్యి అదిరింది. పోగు టప్పున తెగింది. "చూస్తివా? చెప్పినానా లేదా? ఇప్పుడు నువ్వే అతుకు!"

హేమావతి మూతి బిగించి మగ్గం మీదకు వంగింది. రెండు కొసలూ చేతికి చిక్కడం లేదు. కాసేపటికి చెవి దగ్గర అత్త గొంతు, ఈసారి మెల్లగా వినిపించింది.

"అయితే ఆ యమ్మకు మొదట్నుంచీ కాళ్ళు బాగుండెనా?"

"పోగు అతకనీ. అప్పుడు చెప్తా."