పెనం పిలిచిన పేరు

మైదుకూరుకు నాలుగు మైళ్ల దూరంలో ఉన్న ఆ ఊళ్లో, శ్రీనివాసులు ఇంట్లో సంగటిలోకి మిరపకాయలు వేయించేటప్పుడు ఎవరూ టీవీ పెట్టరు. పెనం చెప్పేది వినపడదని. నూనెలో కాయ టప్పుమని పేలిందంటే పెనం ఒక పేరు పిలుస్తుంది, ఆ పేరు గల మనిషి ఆ కాయ తినాలి. వేరేవాళ్లు తింటే గడ్డి నమిలినట్టుంటుంది. పేరు పడని కాయలు పచ్చడిలోకి పోతాయి. ఇందులో పెద్ద వింతేమీ లేదు. తాతల నాటి ఇనప పెనం, తాతల నాటి అలవాటు.

అయితే ఆ పెనానికీ పక్షపాతం లేకపోలేదు. శ్రీనివాసులును రోజూ "సీనా" అని ముద్దుగా పిలుస్తుంది. ఆయన భార్య సుబ్బరత్నమ్మను మాత్రం కాపురానికొచ్చిన పదకొండేళ్ల దాకా పలకరించనే లేదు. ఒక ఏడు శ్రీనివాసులు పచ్చకామెర్లతో మంచం పడితే, ఆమె పార భుజాన వేసుకొని పోయి కాలవ నీళ్లు మళ్లించి పైరు నిలబెట్టింది. మర్నాడు పొద్దున పెనం "రత్నా" అంది. ఆమె కండ్లు తుడుచుకుంటూ మూడు కాయలు తినింది, కారానికిలే అని అందరికీ చెప్పింది. కొడుకు భూపేష్‌కు ఈ కష్టమేమీ లేదు. పేరు పెట్టిన రోజే పిలిచింది, అప్పటికి వానికి పండ్లే రాలేదు. ఇప్పుడు కడపలో టైల్స్ షాపు నడుపుతున్నాడు, చేను ఏ దిక్కున ఉందో కూడా మరిచిపోయుంటాడు. అయినా పెనం పిలుస్తూనే ఉంది, ఆదివారం ఆదివారం అయ్యగారి కాయలు డబ్బాలో పడి బస్సెక్కి కడపకు పోతూనే ఉన్నాయి.

ఇంక కూతురు సుప్రజ. ఇరవై ఏడేళ్లొచ్చినా పెనం ఒక్కసారీ ఆమె పేరెత్తలేదు. ఆడపిల్ల, రేపో మాపో ఇంకో ఇంటికి పొయ్యేదే కదా అని చుట్టాలు సర్దిచెప్పేవాళ్లు. చిన్నప్పుడు పొయ్యి దగ్గర కూర్చొని చెవులు రిక్కించి వినేది, చివరికి పచ్చడి వేసుకొని తిని లేచేది. బాధ ఉండేది, ఎందుకుండదు? పెద్దయ్యాక మాత్రం, నువ్వు పిలిస్తే ఎంత, పిలవకపోతే ఎంత పో అనుకుంది.

బెంగళూరులో మూడేళ్లు ఉద్యోగం చేసింది. ఆఫీసు పక్క హోటల్లో సుందరం అనే వంటాయన స్పెయిన్ దేశపు మిరపకాయలు పెట్టేవాడు. చిటికెన వేలంత పచ్చికాయలు. పైన పొక్కులొచ్చేదాకా కాల్చి ఉప్పు చల్లితే అదే వంట. పదింట్లో తొమ్మిది కమ్మగా ఉంటాయి, ఒకటి మంట పుట్టిస్తుంది. అది ఏదో కొరికితే గానీ తెలియదు. కారం తిని పెరిగిన పిల్ల కదా, ఆ ఆట తెగ నచ్చింది. ఇవి మా నేలలో కాయించి వారం వారం పంపుతా, తీసుకుంటారా అని అడిగింది. సుందరం సరేనని విత్తనాలిచ్చాడు. ఆమె ఉద్యోగం మాని ఇంటికొచ్చి, నాయన చుట్టూ నెల రోజులు తిరిగి, అరెకరం సాధించి నాటింది.

చెట్లు విరగకాశాయి. ఇంకా నాలుగు హోటళ్లతో మాట్లాడి వద్దామని సుప్రజ బెంగళూరు పోయిన పది రోజుల్లో, శ్రీనివాసులే దగ్గరుండి కోయించి రెండు సార్లు పెట్టెలు పంపించాడు. రెండు సార్లూ సుందరం తల పట్టుకున్నాడు. కాయలు ముదిరిపోయాయమ్మా, తిన్నవాళ్లందరూ నీళ్లో నీళ్లో అంటున్నారు, ఇంకోసారి ఇట్లాంటివొస్తే మన మాట రద్దే అన్నాడు.

సుప్రజ ఇంటికొచ్చి కోత కూలికి వచ్చే నాగక్కను నిలదీసింది. చిటికెన వేలంత ఉన్నప్పుడే కొయ్యమని నీకెన్ని సార్లు చెప్పినా అని. నాగక్క కొంగుతో చేతులు తుడుచుకుంటూ ఉన్న మాట చెప్పేసింది.

"పిందెలు ముట్టుకోవద్దని మీ నాయనే అన్న్యాడు సుప్రజమ్మా. నాకూ చెయ్యి రాలే. పసికాయను తుంచేది పాపం గదా."

శ్రీనివాసులు చేసింది చెరుపు కాదు, ఆయన దృష్టిలో మేలే. నలభై ఏళ్లు మిరప పండించిన మనిషి. కాయ నిండాలి, ఎర్రబడాలి, ఎండాలి. పిందెలు కోసిన చేను మళ్లీ కాయదని వాళ్ల నాయన చెప్పిపోయాడు. కూతురి కాయలు బలంగా పోవాలని ఆగి ఆగి కోయించాడు. తీరా రెండు సార్లు మాట పడేసరికి విసుగొచ్చింది. సోమవారం మారెన్న ట్రాక్టరు తెస్తాడు, దున్నేసి మన మిరపే పెడతాం, నువ్వు ఉద్యోగానికి పో అని తేల్చేశాడు.

సుప్రజ ఏడవలేదు, అరవలేదు. ఆదివారం మధ్యాహ్నం నా చేతి కాయలు ఒకసారి తిను నాయనా, తిన్నాక కూడా దున్నాలనిపిస్తే దున్నుకో అంది. ఆ రోజు ఎండెక్కక ముందే తానే చేనికి పోయి, లేత కాయలు ఒక్కొక్కటీ తొడిమతో కోసి చాటనిండా తెచ్చింది. కడిగి, తడి లేకుండా పాత పంచె గుడ్డతో తుడిచింది. పెనం పొయ్యి మీద పెట్టి పొగలొచ్చేదాకా ఆగింది.

సుబ్బరత్నమ్మ కత్తి తీసుకొని పక్కన చేరింది. గాటు పెట్టకుంటే పేల్తాయి మే అంది.

"పేలనీ అమ్మా. పేలితేనే గదా పెనం మాట్లాడేది."

ఆ తర్వాత తల్లి చెయ్యి పసుపు డబ్బా మీదికి పోయింది, దాని మీద నుంచి కారప్పొడి డబ్బా మీదికి పోయింది. కారం వెయ్యని మిరపకాయ వంట ఆమె పుట్టి బుద్ధెరిగి చూడలేదు మరి. సుప్రజ రెండు డబ్బాలూ అందకుండా పైన పెట్టింది. గరిటెడు చెనిక్కాయ నూనె పోసి, కాయలు దించి, కలబెట్టకుండా వదిలేసింది. ఒకపక్క తోలు తెల్లగా ఉబ్బి నల్ల మచ్చలు పడినాక తిప్పింది. కాయలు మెత్తబడ్డాయి. రోట్లో పొడి చేసిన కల్లుప్పు పైపైన చల్లింది. వంటిల్లంతా కాలిన పచ్చివాసన కమ్మగా కమ్ముకుంది.

టప్పుమని ఒకటి పేలింది. "సీనా" అంది పెనం.

శ్రీనివాసులు కాయ తీసుకొని నోట్లో పెట్టుకున్నాడు. నమిలాడు. ఆగి, మళ్లీ నమిలాడు. చెయ్యి చాపి ఇంకొకటి తీసుకోబోయి, పేరు పడలేదని గుర్తొచ్చి వెనక్కి లాక్కున్నాడు. పెనం జాలిపడి ఇంకో రెండు సార్లు ఆయన్నే పిలిచింది, తర్వాత "రత్నా" అంది. కడప డబ్బా మూత తీసి పక్కనే ఉంది. భూపేష్ పేరు రాలేదు.

ఆఖరున అడుగున ఉన్న కాయ నింపాదిగా ఉబ్బి పేలింది.

"సుప్రజా."

సుబ్బరత్నమ్మ కత్తి గట్టు మీద పెట్టేసింది. ఇన్నేళ్లూ అక్కర్లేదనుకున్న పిలుపు ఇంత తియ్యగా ఉంటుందని సుప్రజకు తెలియదు. శ్రీనివాసులు లేచి, సెగ కొడుతున్నా వేళ్లతోనే ఆ కాయ తీసి కూతురి కంచంలో పెట్టాడు.

"తిను పాపా. నీదే."

కొరికింది. పదింట్లో ఒకటి ఉంటుందే, అదే. నాలుక భగ్గుమంది, చెవుల్లోంచి ఆవిర్లొచ్చాయి, కండ్లల్లో నీళ్లు జలజలా కారాయి. అది కారమో ఏడుపో ఎవరూ అడగలేదు. నీళ్లందిస్తే వద్దని తొడిమ దాకా నమిలి మింగింది.

"పిందెలో ఇంత రుచి ఉండాదని నాకు యాభై ఎనిమిదేండ్లకు తెలిసింది," అన్నాడు శ్రీనివాసులు నెమ్మదిగా. సాయంత్రం కడప నుంచి భూపేష్ ఫోన్ చేసి ఈ వారం డబ్బా రాలేదేమని అడిగాడు. పెనం పిలవలేదు నాయనా, ఈ పూటకు షాపు పక్కన బజ్జీలు కొనుక్కో అని చెప్పింది తల్లి.

సోమవారం పొద్దున మారెన్న ట్రాక్టరు చేని గట్టున ఆపి, ఎప్పటిలాగే శ్రీనివాసులు దిక్కు చూసి, దున్నేది ఈ అరెకరం తుంటేనా అప్పా అని అడిగాడు. నాగక్క గంప పట్టుకొని అదే దిక్కు చూస్తూ నిలబడింది. శ్రీనివాసులు తువ్వాలు దులిపి భుజాన వేసుకున్నాడు.

"నన్నెందుకడుగుతావప్పా? చేను ఎవరిదో వాళ్లనడుగు."

మారెన్న సుప్రజ దిక్కు తిరిగాడు. నాగక్కా తిరిగింది. సుప్రజకు నాలుక ఇంకా చురుక్కుమంటూనే ఉంది. పచ్చగా నిలబడిన తన అరెకరాన్ని ఒకసారి చూసుకొని, దాని పక్కన బీడుగా పడున్న తమ ఎకరం వైపు చెయ్యి చాపింది.

"ఇది గాదు మారెన్నా. అది దున్ను."