ఘాటు లేని ఇల్లు

కొండాపురం పక్కన కాలనీకి కాపురానికి వచ్చినప్పుడు కళ్యాణికి అన్నిటికంటే నచ్చింది ఆ ఇంటి గోడల రంగు. పెళ్లిచూపుల నాడు ఆమె లేతపచ్చ చీర కట్టుకుంది. అది జగదీశ్ మనసులో ఉండిపోయింది. ఎర్రగుంట్లలో సిమెంటు లారీ నడుపుతాడతను. పెళ్లికి ముందు సెలవు పెట్టి, అదే రంగు ఆయిల్ పెయింటు తెచ్చి, వంటిల్లు తప్ప ఇల్లంతా తన చేత్తోనే వేశాడు.

ఇంట్లో ఉండేది ముగ్గురే. జగదీశ్ తండ్రి చిన్నసుబ్బయ్య గొర్రెలు కాస్తాడు. తల్లి పోయి చాలా కాలమైంది. పాత ఊరు డ్యాము నీళ్ల కింద పోయాక వీళ్లు ఈ కాలనీలో ఇల్లు కట్టుకున్నారు. నల్లరేగడి నేల కావడంతో వాన పడితే నీళ్లు ఎటూ పోవు. గోడల్లోకి తేమ పాకుతుంది.

ఆ ఏడాది వానలు విడవకుండా కురిశాయి. లేతపచ్చ గోడల అడుగున నల్లటి చుక్కలు లేచి మెల్లగా పైకి ఎక్కాయి. ఇల్లంతా ఆరని గుడ్డల వాసన. కళ్యాణి ఊరుకునే మనిషి కాదు. మొగుడు మోజుపడి వేసిన రంగు పాడవుతుంటే ఆమె ప్రాణం ఒప్పలేదు. ప్రొద్దుటూరు నుంచి బ్లీచింగు పొడి, ఫినాయిలు తెప్పించి పొద్దున లేస్తూనే గోడలు రుద్దేది. నాలుగు రోజులకు బూజు మళ్లీ వచ్చేది. ఈసారి ఇంకాస్త ఘాటుగా కలిపేది.

అప్పుడే చిన్నసుబ్బయ్య తన మంచాన్ని గొర్రెల దొడ్డిలో రేకుల కిందికి మార్చుకున్నాడు.

"ఈ వానలో ఆడ యాల మామా?" అని అడిగింది కళ్యాణి.

"కుక్కలు తిరుగుతాండాయమ్మా. గొర్రెపిల్లలుండాయి, కనిపెట్టుకోవల్ల."

ఆమె నమ్మింది. అన్నం కూడా ఆయన దొడ్డిలోనే తింటుంటే, అది కూడా గొర్రెపిల్లల కోసమే అనుకుంది. ఒక మధ్యాహ్నం సంగటి తీసుకుపోయేసరికి ఆయన గుంజ పట్టుకుని వంగి ఉన్నాడు. గాలి కోసం రొమ్ము ఎగిరెగిరి పడుతోంది. ఆమె సంగటి గిన్నె అక్కడే దించి, పక్కింటి ఖాజాబీ కొడుకు ఆటోలో ఆయన్ని ప్రొద్దుటూరు ఆసుపత్రికి తీసుకుపోయింది.

డాక్టరమ్మ మందు పట్టించి, ఇంటి సంగతులన్నీ అడిగింది. "ఈయనకు బూజు పడదు. మీరు వాడే ఆ ఘాటు మందులూ పడవు. రెండూ ఇంట్లో ఉండకూడదు," అంది.

తిరుగు బస్సులో కళ్యాణి అడిగింది. "ఆ వాసన పడదని నీకు ముందే తెలుసునా మామా?"

"పొద్దున నువ్వు బకెట్టు ఎత్తుకుంటానే రొమ్ము పట్టేస్తాండె."

"మరి నాకు చెప్పొద్దా?"

"ఎట్ల చెప్పల్లమ్మా? ఇల్లంటే అంత ఇష్టంగా కడుగుతాంటివి. వద్దనేదానికి నోరు రాల్యా."

ఆమె ముఖం కిటికీ వైపు తిప్పుకుంది. జమ్మలమడుగు వచ్చేదాకా ఇటు తిరగలేదు.

మర్నాడు సీసాలన్నీ తీసి బయట పెట్టింది. కానీ బూజు సంగతేమిటి? ఇల్లంతా తిరిగి చూస్తుంటే వంటింట్లో ఆగిపోయింది. ఆ గోడకూ చెమ్మ ఉంది, నలుపు మాత్రం లేదు. దానికి పెయింటు వేయలేదు, పాత సున్నమే. పక్క గది మూలలో కత్తి మొనతో పెయింటు కొంచెం లేపి చూసింది. పొక్కులా ఊడివచ్చింది. దాని వెనక నీళ్లు, నలుపు.

"మా ఇంటికి ఏటా సున్నమే కొడతాము," అంది మామను పలకరించడానికి వచ్చిన ఖాజాబీ. "తేమ దాంట్లోంచి బయటికి పోయి ఆరిపోతాది. పెయింటు పోనియ్యదు."

జగదీశ్ ఇంటికి వచ్చినప్పుడు కళ్యాణి జరిగిందంతా చెప్పింది. చివరి మాట మాత్రం తల వంచుకుని చెప్పింది. "ఈ పెయింటు గీకెయ్యల్ల."

అతను గోడను చేత్తో తడిమాడు. "నీ చీర రంగని ఏస్తినే."

"తెలుసు. అందుకే ఇన్నాళ్లు రుద్దితి."

అతను బయటికి పోయాడు. ఆమె మనసు చివుక్కుమంది. కాసేపటికి అతను లోపలికి వచ్చేసరికి చేతిలో గీకే రేకు ఉంది. "నాయన ఇంట్లో లేకుండా చూడు. ఈ దుమ్ము ఆయనకు పడదు," అన్నాడు.

చిన్నసుబ్బయ్యను పులివెందులలో ఉన్న ఆయన చెల్లెలు ఈశ్వరమ్మ ఇంటికి పంపారు. మూతులకు తడిగుడ్డలు కట్టుకుని, నలుపు ఎగరకుండా గోడలు తడిపి గీకారు. వేడినీళ్లలో బట్టలసోడా కలిపి కొబ్బరిపీచుతో తోమారు. వాన తెరిపి ఇచ్చాక తలుపులు, కిటికీలు బార్లా తీసి గోడలను ఎండనిచ్చారు. పెరట్లో సున్నం నానబెట్టి రెండు పూతలు వేశారు. నీళ్లు నిలవకుండా జగదీశ్ ఇంటి చుట్టూ కాలువ తవ్వాడు. కళ్యాణి కుంకుడు రసంతో బండలు కడిగింది.

చిన్నసుబ్బయ్య తిరిగి వచ్చి గడపలో నిలబడ్డాడు. నిదానంగా గాలి పీల్చి చూశాడు.

"ఏ వాసనా ల్యాకుండా చేస్తిరే."

"ఇప్పుడు పడుకుంటావా మామా ఈడ?"

 ఆయన దొడ్డిలోకి పోయి మంచం ఎత్తుకొచ్చి కిటికీ పక్కన వేసుకున్నాడు.

మరుసటి ఏడాది వానలకు తలుపు వెనక నలుపు చిన్నగా మళ్లీ తొంగిచూసింది. కళ్యాణి చూసేసరికి మామ గొంతుక్కూర్చుని సోడానీళ్ల గుడ్డతో తుడుస్తున్నాడు.

"నాకు చెప్తే నేను చేద్దును గదా."

"ఇప్పుడు చెప్తాండా గదమ్మా. ఇంగ బీరువా ఎనకాల గూడా ఉంది, చూడుపో," అన్నాడు చిన్నసుబ్బయ్య.

ఆమె నవ్వుకుంటూ ఇంకో గుడ్డ తడుపుకుని వచ్చింది.