వెల్షోళ్ల ఇల్లు

అరబ్బు దేశంలో, మహమ్మద్ బిన్ జాయెద్ సిటీలోని ఆ విల్లాకు గ్యాస్ తెచ్చినవాడైనా, నీళ్ల బాటిళ్లు తెచ్చినవాడైనా "ఇంగ్లీషోళ్ల ఇల్లేనా?" అనే అడిగేవాడు. పనిమనిషి చిట్టెమ్మ ఊరుకునేది కాదు. "కాదు, వెల్షోళ్లది" అని వచ్చీరాని హిందీలో దిద్దేది. వేల్స్ వేరు, ఇంగ్లండ్ వేరు, మా భాష మాకుంది, మా పార్లమెంటు మాకుంది అని కెరిస్ మేడమ్ ఆరేళ్లుగా నూరిపోసింది మరి.

మార్చి ఒకటిన వేల్స్ పండగ. మేడమ్ తన నాలుగేళ్ల కూతురికి పొడుగాటి నల్లటోపీ పెట్టి, గౌనుకు పసుప్పువ్వు గుచ్చమంది.

"కదలకమ్మా, పిన్ను గుచ్చుకుంటాది," అంది చిట్టెమ్మ. ఆ ఇంట్లో ఆమె తెలుగు వినేది ఆ పాప ఒక్కతే.

"ఏ భాష అది?" అని పండక్కి వచ్చినావిడ అడిగింది.

"హిందీ," అంది మేడమ్, తల తిప్పకుండానే. "వాళ్లందరిదీ అదేగా."

మాది రాజోలు, మా మాట తెలుగు అని చిట్టెమ్మ మేడమ్‌కి ఎన్నిసార్లు చెప్పిందో! తిన్న ఉప్పు గుర్తొచ్చి, పాప గౌనుకు పువ్వు గుచ్చేసింది.

మర్నాడు గ్యాస్ బండతో కొత్త పఠాన్ వచ్చాడు.

"ఇంగ్లీషోళ్ల ఇల్లేనా?"

"అవును," అంది చిట్టెమ్మ.