రుచి చూడని టీ

టీ పొంగు గిన్నె అంచుదాకా రాగానే నూకరత్నం మంట తగ్గించి, అలవాటు ప్రకారం ముఖం కొంచెం పక్కకు తిప్పుకుంది. వాసన ఇష్టం లేక కాదు, ఇష్టం కనుకే. ఇరవై రెండేళ్ల కిందట గాజువాకలో మోర్మన్ల చర్చిలో బాప్తిస్మం తీసుకున్న రోజున టీ, కాఫీ ముట్టనని దేవుడికి మాట ఇచ్చింది. ఆ మాట ఇచ్చిన మనిషే చోడవరంలో ఈ రెండు గదుల ఇంట్లో రోజుకు రెండుసార్లు అత్తకు టీ పెడుతుంది.

రుచి చూడకుండా టీ పెట్టడం ఆమె కళ్లతో నేర్చుకున్న పని. పాత ఇటుక రంగు వచ్చేదాకా మరగనిస్తుంది. పంచదార మూడు చెంచాలు. గ్లాసు అత్త చేతికిచ్చి, "ఎలాగుందత్తా?" అని అడిగి నిలబడుతుంది. దేముడమ్మ తీర్పు చెప్పేదాకా కదలదు. కొత్తలో ఒకసారి పంచదార అనుకుని ఉప్పు వేసేసింది. ఒక్క చుక్క నాలుక మీద వేసుకుంటే తెలిసిపోయేది. ఆ సంగతి దేముడమ్మ వీధంతా చెప్పుకుని నవ్వింది. మర్నాడే నూకరత్నం ఉప్పుడబ్బా తీసుకెళ్లి అవతలి గూట్లో పెట్టింది. ఇప్పటికీ అక్కడే ఉంది.

ఇవాళ నెలలో మొదటి ఆదివారం, వాళ్ల చర్చివాళ్లు ఉపవాసముండే రోజు. నిన్న రాత్రి భోజనం తర్వాత ఆమె మంచినీళ్లు కూడా తాగలేదు. కుట్టుమిషను మీద దుప్పటి కప్పి ఉంది. ఆదివారం సూది పట్టదు. పెళ్లి జాకెట్లున్నా సరే, శనివారం కళ్లు మండేదాకా కూర్చుని కుట్టి ఇచ్చేస్తుంది. భర్త పెదబాబు, కూతురు రోజా తెల్లవారకముందే సొంత ఆటోలో విశాఖపట్నం చర్చికి బయలుదేరారు. ఆమె అత్త కోసం ఉండిపోయింది.

దేముడమ్మ శుక్రవారం నుంచి ఏమీ మింగలేదు. ఆసుపత్రిలో నాలుగు రోజులుంచి, వయసైపోయింది, ఇంటికి తీసుకెళ్లమన్నారు. "ఏదో ఒకటి గొంతు దిగాలమ్మా. దిగకపోతే..." అని ఆర్.ఎం.పి. గౌరీశంకర్ సంచీ సర్దుకున్నాడు. ఆ సగం మాటను నిన్నటి నుంచి నూకరత్నం తనే పూర్తి చేసుకుంటోంది. ఆమెకు ఎప్పుడూ చెడే ముందు కనిపిస్తుంది. ఆటో పది నిమిషాలు ఆలస్యమైతే లారీ కనిపిస్తుంది. కొడుకు సన్నీ చర్చి తరఫున రెండేళ్ల సేవకని బెంగుళూరు వెళ్లాడు. గడువు తీరేదాకా రాడు. నానమ్మ ఆఖరి చూపు వాడికి దక్కదేమో.

నీళ్లు, జావ, కొబ్బరినీళ్లు, ఏదిచ్చినా దేముడమ్మ పెదవులు బిగించేస్తోంది. నిన్నటి నుంచి ఒకటే మాట.

"టీ ఇయ్యి. నువ్వు ఓ గుక్క తాగి సూసి ఇయ్యి. అప్పుడు తాగుతాను."

పొద్దుటి టీ అలాగే చల్లారిపోయింది.

మధ్యాహ్నం కె.కోటపాడు నుంచి ఆడపడుచు అచ్చియ్యమ్మ వచ్చింది. తల్లి కాళ్లు నిమిరి, కళ్లు తుడుచుకుని, వంటగదిలోకి వచ్చి మరదలి మీద విరుచుకుపడింది.

"సుక్క టీ కదే రత్నం! నీ దేవుడు గ్లాసులోకి తొంగి సూస్తాడేటి?"

"సూస్తాడొదినా."

"అయితే తాగేనని సెప్పేయ్. అమ్మకి కళ్లు కనపడవు కదా. గ్లాసు మూతి కాడెట్టుకుని జుర్రుమని సప్పుడు సెయ్యి, సాలు."

నూకరత్నం చల్లారిన టీ పారబోసి గ్లాసు కడిగింది. ఆ మాట తనకు తోచలేదని కాదు. తెల్లవారుజామునే తోచింది, సిగ్గుపడింది. పెళ్లయిన రెండో ఏడు పుట్టిన ఆడపిల్ల మూడు రోజులకే పోయింది. ఆ నెలలోనే తెల్లచొక్కాల మీద నల్లటి పేరుబిళ్లలు పెట్టుకున్న ఇద్దరు చర్చి అబ్బాయిలు గుమ్మంలో నిలబడి, చావుతో కుటుంబం తెగిపోదని, ఆ బిడ్డ మళ్లీ మీ బిడ్డేనని చెప్పారు. ఆ మాట పట్టుకునే ఆమె బతికింది. తను మాట తప్పితే బిడ్డ దగ్గరికి పోయే ఆ దారి మూసుకుపోతుందని ఎవరూ అనలేదు. భయపడడానికి ఆమెకు ఎవరూ చెప్పనక్కర్లేదు.

ఇటు చూస్తే అత్త. "పేరు మా నూకాలమ్మోరిది, మొక్కేది ఇంకెవరికో" అని దెప్పినా, ఏ ఇంటికి పేరంటానికి వెళ్లినా ముందుగా చెప్పేది ఆవిడే: "మా కోడలు టీ తాగదు, దానికి మజ్జిగియ్యండి."

మూడు గంటలకు పెదబాబు, రోజా వచ్చారు. పెదబాబు చేతులు కడుక్కుని, చిన్న సీసాలోంచి రెండు చుక్కల దీవెన నూనె తల్లి మాడు మీద వేసి, తల మీద చేతులుంచి ప్రార్థన చేశాడు.

"ఇంకాస్త రాయరా బాబూ," అంది దేముడమ్మ కళ్లు మూసుకునే. "తలకి నూనెట్టి ఎన్నాళ్లయిందో."

రోజా ఏడుస్తూనే నవ్వేసింది. నూకరత్నం లేచి వెళ్లి టీ పెట్టింది. ఇటుక రంగు వచ్చింది. మూడు చెంచాలు వేసి కలిపి, వడకట్టి, గ్లాసు పట్టుకుని మంచం పక్కన కూర్చుంది. అచ్చియ్యమ్మ వెనక నుంచి భుజం మీద వేలితో పొడిచింది.

"సూసేవేటే?" అంది దేముడమ్మ.

గ్లాసు వేడికి వేళ్లు కాలుతున్నాయి. ఒక్క "ఊఁ" చాలు.

"నేదత్తా. రంగు సూసేను. మూడు సెంచాలేసేను. తాగనేదు."

అచ్చియ్యమ్మ నెత్తి కొట్టుకుంది. దుప్పటి కింద దేముడమ్మ ఛాతీ కదిలింది. దగ్గనుకుని నూకరత్నం హడలిపోయి ముందుకు వంగింది. దగ్గు కాదు, నవ్వు.

"ఉప్పేసిన్నాడూ ఇంతే, రుచి సూడనేదని ఒప్పేసుకుంది. దొంగమాట రాదు దీనికి," అంది. "తాగేనని సెప్పుంటే ఉమ్మేద్దును. పట్టు."

గ్లాసు పక్కనున్న కిటికీ గూట్లో పెట్టుకుని చెంచాతో పట్టింది. ఒకటి దిగింది. రెండోది దిగింది. మూడోది సగం పెదవి మీదికి జారితే చీర కొంగుతో తుడిచింది. దేముడమ్మ చెయ్యి వెతుక్కుంటూ వచ్చి కోడలి మణికట్టు పట్టుకుంది.

"ఎలాగుందత్తా?"

రోజూ లాగే నూకరత్నం తీర్పు కోసం ఆగింది. దేముడమ్మ తీరుబడిగా రుచి తేల్చుకుంటున్నట్టే ఉంది. వీధిలో చెరకు ట్రాక్టరు ఒకటి పోయింది. దాని చప్పుడు పూర్తిగా అణిగిపోయాక కూడా మణికట్టు మీద వేళ్లు అలాగే ఉన్నాయి, పట్టు మాత్రం వదిలింది. పెదబాబు వంగి, "అమ్మా" అన్నాడు. ఇంకోసారి అనలేదు. అచ్చియ్యమ్మ గొంతెత్తింది. ఆమె ఏడుపుకి గుమ్మంలోకి జనం వస్తున్నారు.

కిటికీ గూట్లో స్టీలు గ్లాసు, ముప్పావు వంతు టీ మీద సన్నగా మీగడ కట్టి, పంచదార సరిపోయిందో లేదో చెప్పేవాళ్లు లేక అలాగే ఉండిపోయింది.