ముందు బండి

టైర్లలో గాలి తీసేటప్పుడు మా ఆయనకి కళ్ళతో పని లేదు. నీళ్ళు దాటించే పంటు దిగి బండ్లన్నీ దీవి ఇసుకలో వరసగా నిలబడగానే, ఆయన ఒక్కో చక్రం పక్కన గొంతుకూర్చుని, వాల్వు మీద చిన్న పుల్ల నొక్కి, గాలి బుసకొట్టడం వింటూ, రెండో చేత్తో టైరు పక్కభాగాన్ని అదిమి చూస్తారు. ఇసుకలో నడవాలంటే టైరు మెత్తబడి, ఒంటె పాదంలా పరుచుకోవాలి. ఎంత మెత్తబడాలో ఆయన బొటనవేలికి తెలుసు. ఆ పని సాగినంతసేపూ నేను నీళ్ళ వైపు తిరిగి ఊరికే నిలబడ్డాను. ఆయన చూడనక్కర్లేని పని అంటే నేనూ చూడనక్కర్లేని పని.

తర్వాత ఆయన స్టీరింగు ముందు కూర్చున్నారు. నేను పక్క సీట్లో కూర్చున్నాను.

"ముందర గుంట," అన్నాను, పెదవులు కదిలీ కదలనట్టు.

ఆయన వాకీటాకీ బటన్ నొక్కి, "ముందర గుంట ఉంది. నా చక్రాల చాళ్ళలోనే రండి," అన్నారు.

"వస్తున్నాం కెప్టెన్," అన్నాడు మూడో బండిలోంచి మా మరిది.

ఈ ఏడాది మొదట్లో ఒక పొద్దున గడ్డం గీసుకుంటూ ఆయన అద్దాన్ని చొక్కా అంచుతో తుడవడం చూశాను. తుడిచిందే తుడుస్తున్నారు. అద్దంలో తన మొహం సగమే ఉందనీ, మరక పోవడం లేదనీ అన్నారు. కుడి కన్ను వెనక రక్తనాళం మూసుకుపోయిందని, పోయిన చూపు తిరిగి రాదని కంటి డాక్టరు చెప్పాడు. రెండో కన్ను బాగానే ఉందట. కానీ ఒంటి కంటికి లోతు తెలియదు కాబట్టి, అలవాటు పడేదాకా బండి నడపొద్దన్నాడు. గెడ్డం ఆనించే ఆ ఇనప చట్రం మీంచి తలెత్తి మా ఆయన ఒకే ఒక్క ప్రశ్న అడిగారు. "చూసేవాళ్ళకి తెలుస్తుందా?"

"తెలియదు," అన్నాడు డాక్టరు.

మా ఆయన మొహం తేటపడింది.

ఆయనది చక్రాల ఎలైన్‌మెంటు చూసే షాపు. ఏ చక్రం ఎటు ఒరిగిందో మెషీను చెప్పకముందే కంటితో చెప్పేస్తారని పేరు. ఆ పేరు మీదే షాపు నడుస్తోంది. ఆస్పత్రి నుంచి వస్తూ ఆయనే బండి నడిపారు. మలుపు దగ్గర "పక్కన సైకిలు" అన్నాను. ఆయన స్టీరింగు తిప్పారు. ఇద్దరం ఒకరి వైపు ఒకరం చూసుకోలేదు. ఆయన అడగనూ లేదు, నేను ఒప్పుకోనూ లేదు, అయినా ఆ రోజు నుంచి నేను పని మీద ఉన్నాను.

నాది కరెంటాఫీసులో ఫిర్యాదుల కిటికీ. గాజుకి ఉన్న గుండ్రటి బెజ్జంలోంచి రోజంతా నోళ్ళు కనిపిస్తాయి. కరెంటు ఎందుకు పోయిందో, ఎప్పుడొస్తుందో చెప్పి చెప్పి సాయంత్రానికి నాకు మాట అంటేనే విసుగు పుట్టేది. అప్పుడు ఆయన షాపు నుంచి వచ్చి నన్నెక్కించుకునేవారు. మళ్ళీ మొదలు. లారీ, ఆవు, స్పీడు బ్రేకరు, పిల్లాడు.

మొదట్లో అది నాకు బాగానే ఉండేది. నేను లేకుండా ఆయన కదల్లేని చోటు ఒకటి, పెళ్ళయిన ఇన్నేళ్ళకి దొరికింది. మంచి మాటలతో రానిది ఒక జబ్బుతో వచ్చింది. దాన్ని జాలి అనుకున్నాను. కొన్నాళ్ళకి అర్థమైంది, అందులో జాలి పాలు తక్కువ. సంబరం ఎక్కువ. ఆ సంబరం కూడా అరిగిపోయాక పని ఒక్కటే మిగిలింది.

ఏటా ఈ దీవికి మూడు బండ్లలో వస్తాం. ముందు మాది, తర్వాత పళ్ళ డాక్టరుగారిది, చివర మా మరిదీ తోడికోడలూ వాళ్ళ ఇద్దరు ఆడపిల్లలూ. ఈ బృందానికి ఒక నియమం ఉంది. దీవి మీద ఉన్నంతకాలం ముందు బండి మారదు. వెనకవాళ్ళు దాని చాళ్ళు తప్పకూడదు. తప్పితే ఆ పూట గిన్నెలు తోమాలి. అందుకని వెనకవాళ్ళు నేల చూడటం ఎప్పుడో మానేశారు. ముందున్న చాళ్ళలో చక్రాలు పడేసి, పాటలు పెట్టుకుని, సముద్రం చూసుకుంటూ వస్తారు.

మధ్యాహ్నమయ్యేసరికి ఇసుకంతా ఒకే తెలుపు. ఏది ఎత్తో ఏది పల్లమో చెప్పేది నీడే, ఆ వేళకి నీడ లేదు. రెండు కళ్ళున్న నాకే చివరి క్షణం దాకా తెలియడం లేదు. కనురెప్ప వేయడానికి భయమేసింది. "ఎడమకి. ఇంకా. మెత్తన. ఇప్పుడు నేరుగా."

వాకీటాకీలో డాక్టరుగారి నవ్వు వినబడింది. "కెప్టెన్, మీరు బటన్ నొక్కగానే ముందు అమ్మగారి గొంతు వస్తోంది, తర్వాత మీది వస్తోంది. ఏది అసలు, ఏది ప్రతిధ్వని?"

"మా వదిన ఇంట్లో అన్నది మా అన్నయ్య బజార్లో అంటాడు డాక్టరుగారూ," అన్నాడు మరిది. "ఇప్పుడు కొత్తేముంది?"

ఆయన కూడా నవ్వారు. నేను గొంతు ఇంకా తగ్గించాను.

సాయంత్రం ఒడ్డున గుడారాలు వేశాం. ఏదో పక్షిని చూడబోయి చాలు తప్పినందుకు డాక్టరుగారు ఇసుకతో గిన్నెలు తోముతున్నారు. తోడికోడలు నా పక్కన చాప మీద కూలబడింది.

"అక్కా, ఒక మాటంటాను, కోపం రాదుగా?"

"వస్తే చెప్తాలే."

"బావగారికి ఈ దారి కొత్తా చెప్పు? పక్కన కూచుని అలా సొద పెడితే ఆయనకెలా ఉంటుంది? పాపం, దేవుడిలాంటి మనిషి కాబట్టి నోరెత్తరు. మా ఆయనైతే ఈపాటికి నన్ను పంటెక్కించి పంపేసేవాడు."

"నోరు ఊరుకోదు."

"రేపు దిబ్బల దారి. పిల్లలు ఆ పెద్ద దిబ్బ దిగడం కోసమే ఏడాదంతా కలవరించారు. రేపొక్క రోజు నోటికి సెలవియ్యి."

పెద్ద దిబ్బకి ఒక పక్క ఏటవాలు, రెండో పక్క గోడలా కోసుకుపోయి ఉంటుంది. అంచు ఎక్కడుందో గాలి ఏటికేడు మార్చేస్తుంది, కాబట్టి పోయినేటి జ్ఞాపకం పనికిరాదు. పైకెక్కి, అంచు చూసుకుని, నిటారుగా కిందికి దిగాలి. కాస్త పక్కకి తిరిగితే బండి దొర్లుతుంది. మొదటి బండి దొర్లితే వెనకవాళ్ళు ఆగుతారా? ఆ చాళ్ళలోనే వస్తారు. చివరి బండిలో పిల్లలు.

గుడారంలో ఆయన బూట్ల లేసులు విప్పుకుంటున్నారు. ఇంకా వెలుతురుంది.

"రేపు ఒడ్డు వెంట పోదాం," అన్నాను.

"పిల్లలు ఆశపడ్డారు."

"అయితే మీ తమ్ముణ్ణి ముందు నడవనివ్వండి."

ఆయన రెండో బూటు లాగి, ఇసుక దులిపి, పక్కన పెట్టారు. "నువ్వున్నావుగా," అన్నారు.

అందులో ప్రేమా లేదు, బతిమాలడమూ లేదు. గోడ ఉందిగా, ఆనుకుంటాను అన్నట్టుంది. అప్పుడైనా కాదనాలి. కాదనడానికి మొదటినుంచీ మొదలుపెట్టి మాట్లాడాలి, అంత ఓపిక నాకు లేదు. పడుకున్నాను కానీ నిద్ర రాలేదు.

పొద్దున బయల్దేరి దిబ్బల్లోకి మళ్ళాం. చిన్న దిబ్బలు ఎక్కాం, దిగాం. నేను చెబుతున్నాను, ఆయన చెబుతున్నారు. పెద్ద దిబ్బ మొదలయ్యే చోట ఏటవాలు ఎక్కుతుండగా "కుడికి" అన్నాను. ఆ తర్వాత ఏదో అనబోయాను. ఏమిటో తెలియదు.

కళ్ళు తెరిచేసరికి ఇంజను ఆగి ఉంది. చొంగ కారి గెడ్డం తడిగా ఉంది. వాలు మధ్యలో బండి నిలబడి ఉంది. ఆయన రెండు చేతులతో స్టీరింగు పట్టుకుని ముందుకి చూస్తూ కూర్చున్నారు. వాకీటాకీ "కెప్టెన్, ఏమైంది? కెప్టెన్?" అని అడుగుతూనే ఉంది. ఆయన పలకడం లేదు. పలకడానికి ఆయన దగ్గర ఏమీ లేదు. నా నోరు ఆగిన చోట ఆయన ఆగిపోయారు.

మరిది ఇసుకలో కాళ్ళీడ్చుకుంటూ పైకి వచ్చాడు. వెనకే డాక్టరుగారూ, తోడికోడలూ.

"ఏమైందన్నయ్యా?" అంటూ తొంగిచూసి, నా మొహం చూసి, గొంతు తగ్గించాడు. "ఓహో, అదా సంగతి. వదిన కునుకు తీస్తోందని బండి ఆపేశాడు మహానుభావుడు."

"ఇలాంటి మొగుళ్ళు తయారవడం మానేసి చాలా కాలమైంది," అన్నారు డాక్టరుగారు.

తోడికోడలు మా మరిది వైపు తిరిగింది. "చూడు. చూసి నేర్చుకో. నేను తలనొప్పంటే హారను కొట్టే రకం నువ్వు."

మా ఆయన నవ్వారు. ఆ నవ్వుతో అబద్ధం ఖాయమైపోయింది. ఎవరో ఇచ్చిన అబద్ధం, కొలత తీసి కుట్టినట్టు సరిపోయింది. నాకూ అందులో చోటుంది. ప్రేమగల మొగుడు, అదృష్టవంతురాలైన పెళ్ళాం. ఇప్పుడు నిటారుగా కూర్చుని కళ్ళు నులుముకుంటే చాలు, బండి కదులుతుంది. పైన ఆకాశానికి ఆనుకుని దిబ్బ తెల్లగా ఉంది. అంచు నాకూ కనబడటం లేదు.

వాళ్ళు తమ బండ్ల వైపు దిగిపోయారు. ఆయన తాళం తిప్పి, "లేచావుగా. పద," అన్నారు.

తలుపు తెరిచాను. "నాకు నిద్ర తీరలేదు. వెనక పిల్లల మధ్య పడుకుంటాను."

"ఇక్కడే పడుకో."

"ఇక్కడ నిద్ర పట్టదు."

ఆయన మెడ తిప్పి, మంచి కంటితో నన్ను చూశారు. ఏం చేస్తున్నానో ఆయనకి తెలిసింది. దిగాను.

మూడో బండి దాకా నడవడం ఎంత కష్టమైందో చెప్పలేను. ఇసుక మడమల్ని వెనక్కి లాగుతోంది. పిల్లల మధ్య ఇరుక్కుని కూర్చున్నాను.

"పెద్దమ్మా, మా బండెక్కావేంటి?" అంది చిన్నది. "పెదనాన్న తిట్టాడా?"

"లేదు."

"మరి నువ్వు తిట్టావా?"

"ఇంకా లేదు."

"బయల్దేరదామా అన్నయ్యా?" అని మరిది వాకీటాకీలో అడిగాడు. ముందు అద్దంలోంచి డాక్టరుగారి బండీ, దాని మీదుగా మా బండి వెనక భాగం కనబడుతున్నాయి. ఎర్ర లైటు వెలుగుతోంది. అంటే ఆయన కాలు బ్రేకు మీద ఉంది.

నా చెయ్యి తలుపు పిడి మీద ఉంది. ఆయన గనక కదిలితే దిగి అరుస్తాను, అంత మటుకు నిశ్చయించుకున్నాను. కానీ నాకు కావలసింది అరవడం కాదు. ఈ పిల్లల గురించిన భయం పెద్దదో, తలవంపుల భయం పెద్దదో ఆయన నోట తేలాలి. ఇన్నేళ్ళు కాపురం చేశాను. ఏది పెద్దదో నాకు తెలియలేదు.

ఎర్ర లైటు ఆరిపోయింది. బండి ముందుకి కదిలింది. డాక్టరుగారి బండి కూడా, చూసుకోకుండా, దాని వెనకే కదిలింది. నేను పిడి తిప్పాను.

మా బండి ఆగింది. ఇంజను ఆగింది. ఆయన దిగారు.

ఒక్కో అడుగు ఎడంగా వేస్తూ, నేల ఉందో లేదో పాదంతో అడుగుతూ, మా దాకా వచ్చారు. మరిది అద్దం దించాడు.

"నువ్వు ముందు నడుపు," అన్నారాయన.

"అదేంటన్నయ్యా? ముందు బండి మారకూడదు కదా. గిన్నెలు తోముతావా ఏంటి?"

"నాకు కుడి కన్ను లేదు."

మరిది నవ్వాడు. "ఉందిగా, కనబడుతోంది."

"నీకు అది కనబడుతుంది. దానికి నువ్వు కనబడవు."

ఈలోగా డాక్టరుగారు వచ్చి ఆయనకి కుడి పక్కన నిలబడ్డారు. చెయ్యెత్తి, ఆయన మొహం దగ్గరగా అటూ ఇటూ ఆడించారు. మా ఆయన తల తిప్పలేదు. డాక్టరుగారు చెయ్యి దించి జేబులో పెట్టుకున్నారు. ముందు సీట్లోంచి తోడికోడలు వెనక్కి తిరిగి నన్ను చూసింది. "అక్కా," అంది.

పెద్ద దిబ్బ వద్దనుకున్నారు. పెద్దపిల్ల ఏడుపు మొహం పెట్టి వాళ్ళ నాన్నతో మా బండెక్కింది. ఇటు తోడికోడలు స్టీరింగు పట్టుకుంది, చిన్నది పరుగున ముందు సీట్లోకి చేరింది. వెనక మేమిద్దరం మిగిలాం. కాళ్ళ కింద పిల్లల బొమ్మ పారలూ తడి తువ్వాళ్ళూ. ఆయన కాళ్ళు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక చాలాసేపు సర్దుకున్నారు. వెనక సీట్లో ఆయన్ని నేనెప్పుడూ చూడలేదు.

బండ్లు వెనక్కి తిరిగి ఒడ్డు వైపు దిగుతున్నాయి. ముందు బండిలోంచి మరిది గొంతు వచ్చింది. "ముందర ఏదో ఉంది. గుంటో కాదో తెలియడం లేదు. ఎవరి నేల వాళ్ళు చూసుకుని నిదానంగా రండి." ఎవరూ నవ్వలేదు. తోడికోడలు మెడ చాచి నేల చూస్తూ బండి నడుపుతోంది.

"నిద్రన్నావు," అన్నారాయన మెల్లగా.

"అన్నాను."

"పోలేదే."

"లేదు."

కొంతదూరం పోయాక, "నన్నక్కడ ఒంటరిగా వదిలేసి పోయావు," అన్నారు.

"అవును."

కాదంటానని ఆయన అనుకున్నారు. నేనూ అనుకున్నాను.

"కొంచెం కదిలాను," అన్నారు.

"చూశాను."

ఆయన కిటికీ వైపు తిరిగారు. నేను ఆయనకి కుడి పక్కన కూర్చున్నాను. నేను కళ్ళప్పగించి చూస్తున్నా ఆయనకి తెలియదు. చెంప కండరం కదులుతోంది, దవడ బిగిసి ఉంది. కోపంగా ఉన్నారు. ఇన్నాళ్ళూ ఆ కోపం అద్దం మీదా, డాక్టరు మీదా, ఎదురొచ్చే సైకిళ్ళ మీదా తిరిగింది. ఇప్పుడు నా మీద ఉంది. చాలా కాలం ఉంటుందని కూడా తెలుస్తోంది. షాపు సంగతీ, నలుగురి మాటా, ఇంటికెళ్ళాక ఇంకా ఎన్ని ఉన్నాయో. తేలికపడతాననుకున్నాను, పడలేదు.

బండి ఒక గుంటలో దిగి లేచింది. ఇద్దరి తలలూ పైకప్పుకి తగిలాయి. తోడికోడలు "అయ్యో, చూసుకోలేదు బావగారూ," అంది.

"ఫర్వాలేదమ్మా. గేరు తగ్గించు," అన్నారాయన, కిటికీ వైపు నుంచి తిరగకుండానే.

నేను సీటుకి తల ఆనించి కళ్ళు మూసుకున్నాను.