దారం చుట్టిన గాజు

మా ఇంట్లో మాట్లాడే పని మా ఆవిడది. వినే పని నాది. పరాయి దేశంలో ఇద్దరం ఒకే లాండ్రీలో పనిచేసిన ఏళ్ళన్నీ అలాగే గడిచాయి. ఆమె ఉతికేది, నేను ఇస్త్రీ చేసేవాణ్ణి. ఇక చాల్లే అనుకుని తిరిగి వచ్చేసిన రోజున మాత్రం ఆ పద్ధతి తారుమారైంది.

విమానం దిగి పెట్టెలు తీసుకున్నాక ఎదురుగా రెండు దారులున్నాయి. చూపించాల్సిన సరుకేమీ లేనివాళ్ళకు పచ్చదారి. ఉన్నవాళ్ళకు ఎర్రదారి. మనవరాలికి కొన్న బంగారు గొలుసు ఉందిగదా అని మా ఆవిడ బండిని ఎర్రదారికి తిప్పింది.

"దాచుకోడానికి మనదేమన్నా దొంగసొత్తా? పదవయ్యా."

బల్ల దగ్గరున్న కుర్ర కస్టమ్స్ అధికారి గొలుసు తూచాడు.

"పరిమితిలోనే ఉందమ్మా. సుంకం లేదు."

మా ఆవిడ నావైపు గొప్పగా చూసింది. అంతలో అతని చూపు ఆమె చేతిమీద పడింది.

"ఆ బంగారు గాజు?"

"మా అమ్మది నాయనా. వెళ్ళేటప్పుడు చేతికున్నదే."

"అప్పుడు మావాళ్ళకి చూపించి చీటీ రాయించుకున్నారా? చీటీ ఉంటే దాని ఊసే ఎత్తను. లేకపోతే అక్కడ కొన్నట్టే లెక్క. గొలుసుతో కలిపితే పరిమితి దాటిపోతుంది."

"రాయించుకుందామనే చూశాం బాబూ. తూచాలి, తియ్యమన్నారు. సబ్బు రాసి లాగినా రాలేదు. 'చెయ్యి కోసి తూచమంటారా ఏంటమ్మా, వెళ్ళండి, విమానం వెళ్ళిపోతుంది' అన్నాడా మహానుభావుడు."

"సరే, ఇప్పుడు తియ్యండి."

చెయ్యి కిందికి వంచిందో లేదో, ఒకపక్క దారం చుట్టిన ఆ గాజు జారి బల్లమీద పడింది.

కుర్రాడు గాజు వంకా ఆమె వంకా మార్చి మార్చి చూశాడు. "సబ్బు రాసినా రాలేదన్నారే?"

మా ఆవిడ ఖాళీ చేతిని కొంగుకింద దాచుకుంది. సుంకం కట్టే డబ్బు మా దగ్గర లేదు. కట్టకపోతే వస్తువు వాళ్ళ దగ్గరే ఉండిపోతుంది. చివరికి ఆమే అంది.

"గాజు ఉంచేసుకో నాయనా. పిల్ల గొలుసు ఇచ్చెయ్యి."

అని మొహం అటు తిప్పేసుకుంది. వాళ్ళమ్మ పోయిందని కబురొచ్చినప్పుడు, వెళ్ళడానికి వీల్లేక, ఆ గాజునే పట్టుకుని కూర్చున్న మనిషి.

"బాబూ, ఒక్కమాట," అన్నాను.

మా ఆవిడ ఉలిక్కిపడింది.

"వెళ్ళేటప్పుడు ఈ చెయ్యి ఇలా లేదు బాబూ. ఆ వేడినీళ్ళకీ ఆవిరికీ చిక్కిపోయింది. గాజు జారుతోందని దారం చుట్టుకుంది. పైన కనిపించేది నీలం దారం. దానికింద ఎర్రది ఉంటుంది. దానికింద తెల్లది. చిక్కినప్పుడల్లా ఒక వరస. నేను నిద్రపోయాననుకుని అటు తిరిగి చుట్టుకునేది. విప్పి చూడు. ఒక్క వరస తప్పినా గాజు ఉంచేసుకో."

"నువ్వు చూశావా?" అంది మా ఆవిడ మెల్లగా.

కుర్రాడు ఎటూ తేల్చుకోలేక పై అధికారిణిని పిలిచాడు. ఆవిడ అంతా విని, పిన్నీసుతో దారం కొన లేపి విప్పసాగింది. నీలం. ఎరుపు. తర్వాత సబ్బుకి పసుపుపచ్చగా మారిన తెల్లదారం. అదీ ఊడాక గాజు లోపల ఒక చిన్న ముద్ర బయటపడింది. ఆవిడ భూతద్దం పెట్టి చూసింది.

"ఇది ఇక్కడి కంసాలి ముద్రే. అంచులు చూడు, ఎలా అరిగిపోయాయో. అక్కడ కొన్నది కాదు."

"చీటీ లేదు మేడమ్."

"ఇవ్వాల్సింది మనవాళ్ళేగా? వాడుకున్న సొంత నగ అని రాసి పంపించెయ్." నావైపు తిరిగింది. "ఈసారి వెళ్తే మాత్రం చీటీ లేకుండా కదలకండి పెద్దాయనా."

"ఇంకెక్కడికి వెళ్తాం తల్లీ," అంది మా ఆవిడ. గొంతు తిరిగి వచ్చింది.

బయట బెంచీమీద కూర్చున్నాం. గాజు గుప్పిట్లో పెట్టుకుని నన్ను ఎగాదిగా చూసింది.

"అన్ని మాటలు ఏ పెట్టెలో దాచి తెచ్చావయ్యా? వాటిక్కూడా పరిమితి ఉంటుందేమో. పద, మళ్ళీ ఎర్రదారికి పోదాం."

నవ్వుతూనే కొంగుతో కళ్ళు తుడుచుకుంది.

బల్లమీంచి ఏరుకొచ్చిన దారాలు జేబులోంచి తీసి, గాజు ఇమ్మని చెయ్యి చాపాను. ఇచ్చింది.

"ముందు తెల్లదయ్యా," అంది.

ఆ సంగతి నాకు తెలుసు.